పైకి రాని అద్దాలు

కర్నూలు,
1956 జనవరి చివర

చెల్లెలు ఓబుళమ్మకు,

అక్క కృష్ణవేణి రాస్తున్నది. ఇక్కడ అందరమూ బాగున్నాం. అమ్మ కాళ్ల నొప్పులు ఎలా ఉన్నాయో నువ్వు రాయనే లేదు.

ఈసారి ఉత్తరం మా కారు గురించి. నవ్వకు. దేశం వదిలిపోతున్న ఒక తెల్లదొర దగ్గర మామ మద్రాసులో కొన్న ఆ అమెరికా కారు నీకు తెలుసు కదా. నా పెళ్లికి కడప వచ్చినప్పుడు మన వీధి పిల్లలందరూ మీటలు నొక్కి దాని అద్దాలు ఎక్కించీ దించీ ఆడుకున్నారు. ఇప్పుడు దానికి రెండు రోగాలు. తలుపు తెరిస్తే లోపల పైకప్పుకు ఉన్న దీపం వెలగాలి, మూస్తే ఆరాలి. అది ఆరడం లేదు. వెనక కుడివైపు అద్దమేమో సగానికి దిగి అక్కడే నిలిచిపోయింది.

మొన్న నందికొట్కూరులో ఒక పెళ్లికి పోయి వస్తుంటే దారిలో పొద్దు గుంకింది. దీపం ఆరదు, అద్దం ఎక్కదు. ఊళ్లోకి వచ్చేసరికి సినిమా హాలు ముందర ఆట వదిలిన జనం. ఆ చీకట్లో మా కారు ఒక్కటే వెలుగుతోంది. లోపల అత్తా నేనూ నాటకంలో వేషాల మాదిరి కూర్చుని ఉన్నాం. మామ తలగుడ్డ విప్పి దీపానికి చుట్టారు. ఇంటికి చేరేదాకా కమురు వాసన.

మరునాడు మామ తీర్మానం చేశారు. అద్దాలు పూర్తిగా మూసుకోని కారులో ఈ ఇంటి ఆడవాళ్లు గడప దాటేది లేదు. బస్సు మాట ఎత్తేదే లేదు. కాబట్టి ఒంటిమిట్ట తిరునాళ్లకు నేను కడప రావడమన్నది ఆ కారు చేతిలో ఉంది. మిమ్మల్ని చూసి రెండేళ్లు దాటింది. ఇక్కడి మిస్త్రీలకు లారీలు తప్ప తెలియవు. మామే అన్నారు, "నీ చెల్లెలు కరెంటు చదువు చదివిందంట గదమ్మా, రాసి అడుగు" అని.

ఈ ఉత్తరం వారికి చూపించే కవరు అంటిస్తున్నాను. నీ జవాబు కూడా వారే విప్పుతారు. అందుకని కారు సంగతి తేటగా రాయి.

నీ అక్క
కృష్ణవేణి


కడప,
ఫిబ్రవరి మొదటివారం

అక్కకు నమస్కారాలు.

బి.ఎస్సీ. ఫిజిక్సు చదివి వచ్చినందుకు మన ఇంట్లో నాకు ఇంతవరకు అప్పగించిన శాస్త్రీయమైన పని రేడియోకు బ్యాటరీ మార్చడం ఒక్కటే. అందుకని మీ కారు జబ్బు విని ప్రాణం లేచివచ్చింది.

ముందు దీపం. తలుపు మూసుకునే చోట కారు కమ్మీకి చిన్న బొత్తాం ఉంటుంది. తలుపు మూస్తే అది లోపలికి పోయి దీపం ఆరుతుంది. తలుపు తెరిచిపెట్టి దాన్ని వేలితో గట్టిగా నొక్కించు. ఆరితే తప్పు తలుపుది, వదులై బొత్తాన్ని తాకడం లేదు. ఆరకపోతే బొత్తానికి వచ్చే తీగ ఊడదీయించు. అప్పుడు ఆరితే బొత్తాం చెడింది. అప్పటికీ వెలుగుతూనే ఉంటే ఆ తీగ తొడుగు ఎక్కడో రాపిడికి అరిగి, లోపలి రాగి కారు ఇనుముకు తగులుతోందన్న మాట. ఏ తలుపుకు ఆ తలుపు చూడాలి. ఓపిక ఉంటే చాలు.

ఇక అద్దం. దాన్ని ఎత్తేది కరెంటు ఒక్కటే కాదు. నీ పెళ్లప్పుడు డ్రైవరు బొజ్జన్న మూత ఎత్తి నాకు చూపించాడు. ఇంజను పక్కన ఒక చిన్న మోటారు నూనెను తోస్తుంది. ఆ నూనె గొట్టాల్లో తలుపుల్లోకి పోయి అద్దాన్ని పైకి నెడుతుంది. దించడానికి స్ప్రింగు చాలు. మీట నొక్కినప్పుడు ఆ మోటారు మూలిగిన చప్పుడు వస్తే కరెంటు బాగానే ఉంది, తప్పు నూనెలో ఉంది. చప్పుడు లేకపోతే తప్పు తీగలోనో ఫ్యూజులోనో. వినేది నువ్వే విను. బొజ్జన్నకు ఒక చెవి మొద్దు.

ఇప్పుడు నా స్వార్థం. నేను చదివిన మద్రాసు కాలేజీలోనే ఫిజిక్సు లాబులో డిమాన్‌స్ట్రేటరు ఉద్యోగం ఇస్తామని రాశారు. జూన్‌లో చేరాలి. నాయన అవుననడు, కాదనడు. "తిరునాళ్లు కానీమ్మా, అక్కోల్లు వస్తారు గదా, అప్పుడు చూస్తాం" అంటాడు. ఇంట్లో ఆయన వినేది నీ మాట ఒక్కటే. నువ్వు వచ్చి నా పక్కన కూర్చుని చెప్పకపోతే ఈ వంటింటి కిటికీ దగ్గరే నాకు తెల్లవెంట్రుకలు వస్తాయి. మీ కారు బాగుపడటం నీకంటే నాకే అవసరం.

నీ
ఓబుళ


కర్నూలు,
ఫిబ్రవరి చివర

చెల్లెలు ఓబుళమ్మకు,

నువ్వు చెప్పినట్టే చేయించాం. డ్రైవరు వైపు కాళ్ల కింద పరిచిన చాప ఎత్తితే ఒక చోట తీగ తొడుగు అరిగిపోయి ఉంది. బొజ్జన్న దానికి టేపు చుట్టాడు. దీపం ఆరుతోంది.

అద్దం కోసం బొజ్జన్న ఇంజను దగ్గర వంగి ఉంటే మీట నొక్కడానికి మనిషి కావలసి, మామ నన్నే ముందు సీట్లో కూర్చోమన్నారు. ఆ సీట్లో కూర్చోవడం నాకు అదే మొదలు. నాలుగు అద్దాల మీటలూ అక్కడే, డ్రైవరు చేతి కింద ఉన్నాయి. వెనక మా పక్కన ఉన్న మీటలకు తీగలే లేవట. కొన్న ఏడాదే మామ మద్రాసు మిస్త్రీ చేత తీయించేశారట. దీపానికీ అద్దాలకూ కలిపి ఒకే ఫ్యూజు పెట్టింది కూడా ఆ మిస్త్రీయే. మూడేళ్లుగా ఎండలో ఆ మీట నొక్కుతూ, నాకే సరిగ్గా నొక్కడం రాదేమో అనుకున్నాను.

మోటారు మూలుగుతోంది. మిగతా మూడు అద్దాలూ ఎక్కుతున్నాయి, అదొక్కటే ఎక్కడం లేదు.

నీ ఉత్తరాన్ని మామ రెండుసార్లు చదివారు. ఇంటికి వచ్చిన పెద్దమనుషులకు కూడా చదివి వినిపించారు. "ఇట్లాంటి పిల్ల ఒకతి మనింట్లోనే ఉంటే మిస్త్రీతో పనేముండాది" అన్నారు. అత్త నవ్వింది. అన్నం తింటున్న మా చిన్న మరిది తల ఎత్తి చూశాడు.

నువ్వు ఇంత వివరంగా రాయనక్కర లేదు. ఒక కార్డు ముక్క చాలు. తెలియనిది తెలియదని రాసినా ఎవరూ ఏమీ అనుకోరు.

కృష్ణవేణి


కడప,
మార్చి మొదట్లో

అక్కకు,

తెలిసినదాన్ని తెలియదని ఎందుకు రాయాలి? నీ ఉత్తరాలు ఈమధ్య మరీ చప్పగా ఉంటున్నాయి. రెండేళ్ల కింద ఒక్క వంకాయ పులుసు గురించి రెండు పేజీలు రాసిన మనిషివి.

మోటారు మూలుగుతూ, మూడు అద్దాలు ఎక్కి ఒకటి ఎక్కలేదంటే ఆ ఒక్క తలుపు గొట్టంలో గాలి చేరింది. తలుపు లోపలి అట్ట ఊడదీయించు. గొట్టం చివర మర ఉంటుంది. దాన్ని కొంచెం వదులు చేసి, నువ్వు మీట నొక్కిపట్టుకో. నూనె బుడగలు బుడగలుగా వస్తుంది. బుడగలు ఆగి నూనె ఒక్కటే వచ్చినప్పుడు మర బిగించమను. మోటారు దగ్గరి నూనె డబ్బాలో తగ్గినంత బ్రేకు నూనె పోయించు. నేను పక్కన లేకపోయినా అద్దం ఎక్కుతుంది, చూడు.

మీ మామ నాయనకు వేరే ఉత్తరం రాశారు. నాయన చదువుకుని మడిచి జేబులో పెట్టుకున్నాడు. తర్వాత నన్ను చూసి నవ్వాడు. నన్ను చూసి నవ్వే మనిషి కాడు ఆయన. నా చదువును ఎవరో పరాయివాళ్లు మెచ్చుకుంటే గానీ ఆయనకు దాని విలువ తెలియలేదు కాబోలు. మద్రాసు సంగతి ఎత్తడానికి ఇదే అదను. నువ్వు త్వరగా రా.

ఓబుళ


కర్నూలు,
మార్చి నడుమ

చెల్లెలు ఓబుళమ్మకు,

నువ్వు చెప్పినట్టే చేస్తే అద్దం ఎక్కింది. ఒక పూట బాగా పనిచేసింది. మరునాటికి నాలుగు అద్దాలూ సగంలో నిలిచిపోయాయి. మోటారు చప్పుడు కూడా లేదు. ఫ్యూజు కాలిపోయింది, నేనే చూశాను. దీపం మాత్రం తలుపు తెరిస్తే చక్కగా వెలుగుతోంది. రెండింటికీ ఒకే ఫ్యూజు అని నీకు ముందే రాశాను కదా. నువ్వు ఆలోచించగలదానివి. తొందరపడి జవాబు రాయకు.

తిరునాళ్లకు అందరం వస్తామని మామ అంటున్నారు. మామ, అత్త, మీ బావ, చిన్న మరిది. అత్త ఒక కొత్త పట్టుచీర తెప్పించి పెట్టెలో పెట్టింది. అద్దాలు ఎక్కకపోతే మాత్రం అత్త రాదు. అత్త రాకపోతే ఎవరూ రారు.

కృష్ణవేణి


కడప,
మార్చి

అక్కకు,

ఆలోచించడానికి ఇందులో ఏమీ లేదు. రెండింటికీ ఒకే ఫ్యూజు ఉండి అది కాలిపోతే దీపం వెలగదు. దీపం వెలుగుతుంటే ఫ్యూజు కాలిపోలేదు. రెండూ నిజం కావడానికి వీల్లేదు. నువ్వు చూడకుండా రాశావు. చూసి ఉంటే ఇలా రాయవు.

ఒక్క మాట అడుగుతాను. నీకు అసలు రావాలని ఉందా? అమ్మ రోజూ బస్సుల వేళకు వాకిట్లోకి వచ్చి నిలబడుతుంది. మీరు బస్సులో రారని ఎన్నిసార్లు చెప్పినా నిలబడుతుంది. నా జీవితం ఒక ఫ్యూజు దగ్గర ఆగి ఉంటే, దాన్ని ఒకసారి కళ్లు తెరిచి చూసే తీరిక నీకు లేకపోయింది.

తీగ ఊడింది. అంతే. డ్రైవరు తలుపు మీద మీటలున్న పలక ఊడదీస్తే వెనక ఒక లావుపాటి తీగ ఉంటుంది. అది దాని మరను వదిలి ఉంటుంది. ఈసారి నువ్వు వద్దు, మీ మామనే దగ్గర నిలబడి చూడమను.

ఓబుళమ్మ


కర్నూలు,
మార్చి చివర

ఓబుళా,

ఇది గంగక్క చేత పోస్టులో వేయిస్తున్నాను. మాకు పెరుగు పోసే మనిషి. పెన్సిలు రాతకు ఏమీ అనుకోకు, కలం మామ గదిలో ఉంటుంది. ఇది ఎవరూ చూడని ఉత్తరం.

నువ్వు రాసినట్టే మామ దగ్గర నిలబడ్డారు. బొజ్జన్న పలక ఊడదీసి, తీగ చివర పట్టుకుని, ముందు నా వైపు చూశాడు. తర్వాత మామతో "దార్లో అదురుకు ఊడుంటాది రెడ్డీ" అన్నాడు. అదురుకు ఊడలేదు. నేనే మధ్యాహ్నం అందరూ పడుకున్నప్పుడు పోయి ఊడదీశాను. ఎలా ఊడదీయాలో నీ ఉత్తరాల నుంచే నేర్చుకున్నాను.

ఇప్పుడు కారు బాగుంది. నాలుగు అద్దాలూ ఎక్కుతున్నాయి. తిరునాళ్లకు వాళ్లు వచ్చేది నిన్ను చిన్న మరిదికి అడిగి, బొట్టు పెట్టి పోవడానికి. ఆ పట్టుచీర నీకే. నాయనకు మామ రాసిన ఉత్తరం అదే. నాయన సరే అన్నాడు.

మొదటి ఉత్తరం రాసినప్పుడు నాకు నిజంగానే రావాలని ఉండింది. ఇప్పుడూ ఉంది. కానీ నీ ఒక్కొక్క జవాబు వచ్చేకొద్దీ మామకు నువ్వు ఇంకా ముద్దొస్తున్నావు. తెలియదని రాయమంటే నీకు కోపం వచ్చింది. ఫ్యూజు పోయింది, దీపం వెలుగుతోంది అని రాస్తే, అక్క ఎందుకు అబద్ధం రాస్తోందని ఆగి చూస్తావనుకున్నాను. నువ్వు లెక్కల పంతులు మాదిరి ఎర్రసిరాతో దిద్ది పంపావు.

మరిది చెడ్డవాడు కాదు. మీ బావా చెడ్డవాడు కాదు. ఈ ఇంట్లో నన్ను ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. వెనక సీట్లో కూర్చోబెట్టారు, అంతే. నీ ఉద్యోగం సంగతి మెల్లగా కదిపి చూశాను. మామ కోపం కూడా పడలేదు. "మన కోడలు జీతానికి పోతాదా, నువ్వు భలేదానివమ్మా" అని నవ్వారు.

ఇంకోసారి తీగ ఊడితే నేనేనని తెలిసిపోతుంది. బొజ్జన్నకు కూడా ముప్పు. నాకు ఇంతకుమించి చేతకాదు. నువ్వే ఏదో ఒకటి చూసుకో. జవాబు గంగక్క పేరు మీద రాయి, కోట వెనక చర్చి వీధి అంటే చేరుతుంది.

అక్క


కడప,
ఏప్రిల్ మొదట్లో
(గంగక్క పేరు మీద)

అక్కా,

నీ ఉత్తరం వచ్చాక నాయనను నేరుగా అడిగాను. కాదనలేదు. మీ వాళ్లను రావద్దని తాను రాయలేడట, మర్యాద కాదట. అమ్మ మాత్రం పక్కకు పిలిచి, వాళ్ల ఆడమనిషి వచ్చి బొట్టు పెట్టేదాకా మాట మాట కాదు అంది. అంటే అంతా మళ్లీ అద్దాల దగ్గరికే వచ్చింది.

రేపు నీకు మామూలుగా ఒక ఉత్తరం వస్తుంది. మీ మామ విప్పి చదువుతారు. అందులో అద్దాల నూనె డబ్బాలో బ్రేకు నూనె తీసేసి ఇంజను నూనె పోయమని రాస్తాను. అది తప్పు. ఇంజను నూనె తగిలితే గొట్టాల చివర ఉన్న రబ్బరు ఉబ్బి మెత్తబడి చీలుతుంది. కొన్నాళ్లు ఇంకా బాగా పనిచేసినట్టే ఉంటుంది. తర్వాత స్ప్రింగు అద్దాలను కిందికి లాగేస్తుంది, పైకి నెట్టేది ఉండదు. మళ్లీ ఆ రబ్బరు కావాలంటే అమెరికా నుంచి రావాలి. బ్రేకుల డబ్బా వేరు, దాన్ని ఎవరూ ముట్టుకోకుండా బొజ్జన్నతో చెప్పు. మనుషులకు ఏ ప్రమాదమూ లేదు.

ఇలా చేస్తే నువ్వు తిరునాళ్లకు రాలేవు. ఈ వాక్యం దగ్గర చాలాసేపు ఆగిపోయాను. ఇంకో దారి దొరుకుతుందేమోనని చూశాను, దొరకలేదు. నీకు వద్దనిపిస్తే బొజ్జన్న చేత బ్రేకు నూనే పోయించు. నేను నిన్ను ఒక్క మాట అనను. వచ్చినవాళ్ల ముందు నేనే ఏదో ఒకటి తేల్చుకుంటాను.

పోయిన ఉత్తరంలో రాసిన మాటలు వెనక్కి తీసుకోలేను. నీ చేతిలో ఉన్నాయి కాబట్టి చించేయి.

ఓబుళ


కడప,
ఏప్రిల్

పూజ్యులైన అక్కకు, మామగారికి, అత్తగారికి నమస్కారాలు.

కారు బాగుపడిందని తెలిసి సంతోషించాం. అయితే అంత దూరం ప్రయాణం పెట్టుకున్నప్పుడు ఒక జాగ్రత్త అవసరమని నా అభిప్రాయం. బ్రేకు నూనె పలుచన. ఎండాకాలంలో ఇంకా పలుచబడి గొట్టాల్లో పట్టు చాలదు. అందుకని అద్దాల డబ్బాలో ఉన్న నూనె మొత్తం తీసేసి, చిక్కటి ఇంజను నూనె నిండుగా పోయించవలెను. అద్దాలను పదేపదే ఎక్కించి దించితే కొత్త నూనె అన్ని తలుపులకూ పారుతుంది. బ్రేకుల డబ్బాను ముట్టుకోరాదు.

ఇది నేను పుస్తకాలు చూసి, బాగా ఆలోచించి చెబుతున్న మాట.

ఇట్లు
ఓబుళమ్మ, బి.ఎస్సీ.


కర్నూలు,
మే మొదట్లో

ఓబుళా,

తిరునాళ్లు అయిపోయాయి. అమ్మ బస్సుల వేళకు వాకిట్లోకి రావడం మానేసిందని నాయన రాశాడు. అది చదివి లోపలికి పోయి కాసేపు పడుకున్నాను.

ఇంజను నూనె నేనే పోయించాను. డబ్బా చేతిలో పట్టుకుని బొజ్జన్న "ఇదేనామ్మా, బాగా సదివినారా" అన్నాడు. ఇదే అన్నాను. అతను డబ్బా వంచి పోశాడు.

నువ్వు చెప్పినట్టే కొన్నాళ్లు అద్దాలు నున్నగా నడిచాయి. తర్వాత నాలుగూ పడిపోయాయి. మద్రాసు నుంచి మిస్త్రీ వచ్చి, లోపలి రబ్బరంతా జీళ్లపాకం అయిపోయిందనీ, ఇంజను నూనె పోయమన్న మహానుభావుడెవరనీ అడిగాడు. మామ తల దించుకున్నారు. మిస్త్రీ పోయినాక, "ఆ సదువును నమ్ముకొని కారు పాడు జేసుకుంటిమి" అన్నారు. అప్పటినుంచి నీ ఊసు ఈ ఇంట్లో లేదు. నిన్ను ఇంక ఎవరు అడుగుతారు, ఉద్యోగానికైనా పోనీ అని నాయన అన్నాడంట కదా. ఎట్లా అయితేనేం, పో. నీ పేరు వెనక ఆ బి.ఎస్సీ. అని రాసుకోవడం చూసి నాకు ఏడుపొచ్చింది.

బద్వేలు వాళ్లు తమ పిల్లను తీసుకుని వాళ్లే ఇక్కడికి వచ్చారు. చిన్న మరిదికి ఖాయమైంది. ఆ పట్టుచీర ఆ పిల్లకు పెట్టారు. ఎస్సెల్సీ ప్యాసైందంట. ఇల్లంతా చూస్తూ, నన్ను పట్టుకుని "మీకు కారుండాది గదా అక్కా, బాగా తిరుగుతారేమో" అంది. ఆ కారు సంగతి చెప్పడానికి ఆ పిల్లకు ఒక అక్క ఉందో లేదో.

ఈ ఉత్తరం కలంతో రాస్తున్నాను, చూశావా. మామకు చూపించబోతే, "ఆ పిల్లకేనా, నాకెందుకులేమ్మా, అంటించుకో" అన్నారు. నీ ఉత్తరాలు కూడా ఇక విప్పరు. కాబట్టి గంగక్కను ఇబ్బంది పెట్టకుండా మా ఇంటికే రాయి. మద్రాసులో నీ గది ఎలా ఉంటుందో, లాబులో ఏమేమి ఉంటాయో, అన్నీ రాయి.

అద్దాలు పడిపోయిన రోజు సంగతి చెప్పలేదు కదూ. మామ కారులో లేరు. అత్తా నేనూ గుడికి పోయి వస్తున్నాం. వేరుశనక్కాయల బండ్లు అడ్డం వచ్చి బొజ్జన్న బజారు నడుమ ఆపాడు. ముందు నా పక్క అద్దం మెల్లగా జారి తలుపులోకి దిగిపోయింది. దాని వెనకే అత్త పక్కది. బొజ్జన్న మీటలు నొక్కుతూనే ఉన్నాడు, మోటారు ఊరికే మూలుగుతోంది. అత్త కొంగు ముఖం మీదికి లాక్కుని కళ్లు గట్టిగా మూసుకుంది. నేనూ కొంగు లాక్కున్నాను గానీ కళ్లు మూసుకోలేదు. ఎండ, దుమ్ము, బెల్లం వాసన, మనుషులు. మమ్మల్ని చూడటానికి ఎవరికీ తీరిక లేదు. సోడాబండి వాడొక్కడే దగ్గరికి వచ్చి, కిటికీలోంచి వంగి, "సోడా కావాల్నా అక్కా" అన్నాడు.

అత్త కళ్లు మూసుకునే, "రెండు ఇయ్యమను" అంది.

అక్క